డాబా మీది వాతావరణ కేంద్రం: అంకెకు బొమ్మ సాక్ష్యం

2020 అక్టోబరు 14 ఉదయం 8.30తో ముగిసిన 24 గంటల్లో హైదరాబాదు బేగంపేట వాతావరణ కేంద్రంలో 19 సెంటీమీటర్ల పైచిలుకు వాన నమోదైంది. అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలోపే ఉన్న ఘట్‌కేసర్ వైపు అదే వ్యవధిలో 32 సెంటీమీటర్లు కురిసింది. రెండూ సరైన లెక్కలే. కూకట్‌పల్లిలో మోకాటి లోతు నీళ్లు నిలిచిన సాయంత్రం ఉప్పల్‌లో రోడ్డు పొడిగా ఉండటం ఈ నగరంలో ఎవరికీ వింత కాదు. రాష్ట్ర ప్రభుత్వం మండలాల వారీగా నడిపే ఆటోమేటిక్ కేంద్రాలు ఈ తేడాను చాలావరకు పట్టుకుంటున్నా, తమ వీధిలో ఎంత కురిసిందో తెలుసుకోవాలన్న కుతూహలం కొందరికి తీరదు. అలాంటివారు డాబా మీద సొంతంగా పరికరాలు అమర్చి, పక్కన ఒక కెమెరా బిగించి, ఆకాశం బొమ్మను అంకెలతో కలిపి ఒక వెబ్‌సైటులో ఉంచుతున్నారు. ఇలాంటి కేంద్రాన్ని కట్టటానికి రెండు ఆదివారాలు చాలు. అది చూపే అంకెను నలుగురూ నమ్మేలా నిలబెట్టటం మాత్రం ఏళ్ల తరబడి సాగే పని. ఆ పనిలో కెమెరాకు ఉన్న పాత్రను చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అందమైన సూర్యాస్తమయాల కోసమే దాన్ని పెడతారు గాని, నిజానికి పక్కనున్న పరికరం సరిగా పనిచేస్తోందో లేదో చెప్పగల ఏకైక సాక్షి అదే.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు, లేదా అంతకన్నా చవకైన ఇఎస్‌పి32 బోర్డు, ఉష్ణోగ్రత, తేమ, వాయుపీడనం కొలిచే బిఎంఇ280 సెన్సారు, వర్షమాపకం, గాలివేగాన్ని కొలిచే తిరుగుడు గిన్నెలు, ఒక కెమెరా ఉంటే పని మొదలవుతుంది. ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త అవసరం. బిఎంఇ280 పేరుతో బిఎంపి280 అంటగట్టటం మార్కెట్లో మామూలే. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి, కానీ రెండోది తేమను కొలవలేదు. ఏది చేతికొచ్చిందో చిప్ తన గుర్తింపు సంఖ్యతో తానే చెబుతుంది: మొదటిదైతే హెక్సాడెసిమల్‌లో 60, రెండోదైతే 58. సాఫ్ట్‌వేర్ కోసం వీవెక్స్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. అవి సెన్సార్లను చదివి, డేటాబేస్‌లో దాచి, గ్రాఫులు గీసి, పేజీలను తయారుచేసి సర్వరుకు పంపుతాయి. పరికరాలన్నీ పనిచేయటం మొదలుపెట్టిన తరవాతే అసలు చిక్కులు బయటపడతాయి.

మొదటి చిక్కు ఉష్ణోగ్రత. వాతావరణ శాస్త్రంలో ఉష్ణోగ్రత అంటే నీడలో, గాలి ధారాళంగా ఆడే చోట, నేలకు సుమారు ఒకటింబావు నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉన్న గాలి వేడి. దీనికోసమే 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు, కిటికీ రెక్కల్లాంటి ఏటవాలు పలకలతో తెల్లని చెక్కపెట్టెను రూపొందించాడు. హైదరాబాదు డాబా ఈ నిర్వచనానికి పూర్తిగా ఎదురుతిరుగుతుంది. కింద కాంక్రీటు స్లాబు, చుట్టూ పిట్టగోడ, ఒక మూల నల్లని నీళ్ల ట్యాంకు, మరో మూల ఏసీల వేడి ఊపిరి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. పగలంతా ఆ ఎండను తాగిన స్లాబు అర్ధరాత్రి దాటాక కూడా వేడిని కక్కుతూనే ఉంటుంది. అలాంటి చోట పిట్టగోడకు ఆనించి పెట్టిన సెన్సారు చెప్పేది గాలి వేడి కాదు, గోడ వేడి.

సెన్సారును స్లాబుకు వీలైనంత ఎత్తున, గోడలకు దూరంగా ఒక గొట్టం మీద నిలపాలి. దానికి పైనుంచి కిందివరకు ఒకదానిపై ఒకటి పేర్చిన తెల్లని పళ్లేల గొడుగు ఉండాలి. పూలకుండీల కింద పెట్టే ప్లాస్టిక్ పళ్లేలతో ఈ గొడుగును ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ పలచటి ప్లాస్టిక్ గుండా వెలుతురు లోపలికి దూరుతుందని గమనించాలి. ఇటీవల ఇంకో సమస్య వచ్చి చేరింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించిన తరవాత స్లాబులకు తెల్లని రంగు వేయించుకునేవారు పెరిగారు. కింది ఇంటివారికి అది హాయి. గొడుగుకు మాత్రం కొత్త దాడి, ఎందుకంటే తెల్లని స్లాబు మీద పడిన ఎండ పైకి చిమ్మి, పళ్లేల సందుల్లోంచి కింది వైపుగా సెన్సారును తాకుతుంది. అందువల్ల అడుగు పళ్లేన్ని మూసి ఉంచటం, ఎత్తు పెంచటం తప్పనిసరి అవుతుంది.

తప్పు జరుగుతోందని తెలిసేదెలా? బేగంపేట రికార్డుల ప్రకారం హైదరాబాదులో అత్యధిక ఉష్ణోగ్రత 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు. ఇంటి కేంద్రం ఒక మే మధ్యాహ్నం 46 చూపితే చరిత్ర సృష్టించామని సంబరపడే ముందు గొడుగును అనుమానించటం మంచిది. ఇంతకన్నా సూక్ష్మమైన పరీక్ష కెమెరా ద్వారా సాధ్యమవుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక తెల్లని మబ్బుతునక సూర్యుణ్ణి కప్పిన క్షణాన్ని బొమ్మల్లో వెతికి, అదే నిమిషంలో ఉష్ణోగ్రత గీత ఏం చేసిందో చూడాలి. నీడ పడగానే గీత రెండు మూడు డిగ్రీలు దభాలున పడిపోయి, ఎండ రాగానే అంతే వేగంగా లేస్తే, అది గాలిని కొలవటం లేదు, ఎండను కొలుస్తోంది. గాలి అంత తొందరగా చల్లబడదు. ఈ ఒక్క పోలిక ఏ మాన్యువల్ చదివినా రాని అవగాహనను ఇస్తుంది.

వానను కొలవటం పైకి చాలా తేలికగా కనిపిస్తుంది. ఇళ్లలో వాడే వర్షమాపకాల్లో ఎక్కువ భాగం టిప్పింగ్ బకెట్ రకానివి: గరాటు కింద తూగుడుబల్లలా అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న గిన్నెలు ఉంటాయి, ఒకటి నిండగానే ఒరిగి ఖాళీ అవుతుంది, ఆ కదలికకు ఒక అయస్కాంతం స్విచ్చిని తాకిస్తుంది, కంప్యూటరు ఆ తాకిళ్లను లెక్కపెడుతుంది. ఒక్కో ఒరుగుకు ఎన్ని మిల్లీమీటర్ల వానో తయారీదారు చెప్పినా, దాన్ని పరీక్షించకుండా నమ్మకూడదు. లెక్క సులువే. 16 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గరాటు నోటి వైశాల్యం సుమారు 201 చదరపు సెంటీమీటర్లు. అందులో 402 మిల్లీలీటర్ల నీరు పోస్తే 20 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు. ఒరుగుకు 0.2 మిల్లీమీటర్లయితే గిన్నె 100 సార్లు ఒరగాలి. 93 సార్లే ఒరిగితే ఆ తేడాను సరిచేసే గుణకాన్ని సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవాలి. అయితే నీటిని గ్లాసుతో గుమ్మరించకూడదు. సెలైన్ సీసాకు వాడే గొట్టం తెచ్చి, చక్రం తిప్పి, గంటసేపు చుక్కచుక్కగా దిగేలా చేస్తే సరిపోతుంది. ఇంతకన్నా చవకైన ప్రయోగశాల లేదు.

పరీక్షలో నెగ్గిన పరికరం కూడా రెండు అంచుల దగ్గర తడబడుతుంది. ఒకటి కుండపోత. గిన్నె ఒరిగే ఆ లిప్తకాలంలో పైనుంచి పడే నీరు లెక్కలోకి రాదు కాబట్టి, వాన ఎంత జోరుగా ఉంటే కొలత అంత తగ్గుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో నమోదైన 241.5 మిల్లీమీటర్ల వంటి వాన ఒక ఇంటి గిన్నెలో పడి ఉంటే అది ఖచ్చితంగా తక్కువే చూపేది. రెండో అంచు ముసురు. పొద్దుటి నుంచి మొగులు పట్టి, తుంపర పడుతూ, బట్టలు ఆరక, రోడ్లు బురదై, ఊరంతా తడిసినట్టే ఉన్నా గిన్నె ఒక్కసారీ ఒరగని రోజులుంటాయి. గిన్నె నిండేలోపే గరాటు గోడల మీది తడి ఆవిరైపోతుంది. వాన లేదని పేజీ చెబుతుంటే తడిసిన పిట్టగోడను బొమ్మ చూపిస్తుంది. అప్పుడు రెండింటిలో బొమ్మే నిజం. వెబ్‌సైటులో అలాంటి రోజుకు సున్నా అని కాక ‘తుంపర’ అని రాయటం సరైన పని.

పావురాల సంగతి విడిగా చెప్పుకోవాలి. హైదరాబాదులో పావురాలు వాలని డాబా లేదు, గరాటు అంచు వాటికి ముచ్చటైన ఆసనం. రెట్ట, ఈకలు, గూటికి తెచ్చిన పుల్లలు గరాటు గొంతులో అడ్డుపడితే నీరు పైన నిలిచి, వాన వెలిసిన ఎన్నో గంటల తరవాత నెమ్మదిగా దిగుతుంది. గ్రాఫులో అది నిర్మలమైన ఆకాశం కింద రాత్రంతా కురిసిన సన్నని వానలా కనిపిస్తుంది. దీన్ని కూడా బొమ్మే పట్టిస్తుంది. అంచు చుట్టూ నిటారుగా నాలుగు తీగలు కట్టటం, గరాటులో సన్నని జల్లెడ వేయటం, మృగశిర కార్తెకు ముందు ఒకసారి విప్పి కడగటం అలవాటు కావాలి. స్విచ్చి ఒక్క తాకిడికి రెండుమూడు సార్లు అదరటం వల్ల వాన లెక్క రెట్టింపయ్యే దోషం కూడా ఉంది, కానీ కొన్ని మిల్లీసెకన్ల విరామం పెడితే అది పోతుంది.

వాన లెక్కలో పరికరంతో సంబంధం లేని పొరపాటు ఇంకొకటి ఉంది, అది రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది. భారత వాతావరణ శాఖకు వర్షపు రోజు ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రోజు అర్ధరాత్రి మొదలవుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసినటువంటి వాన అర్ధరాత్రి లెక్కలో రెండు రోజులుగా చీలిపోతుంది, శాఖ లెక్కలో ఒకటిగా నిలుస్తుంది. తమ అంకె పత్రికలో వచ్చిన అంకెతో కలవలేదని దిగులుపడేవారిలో చాలామంది చిక్కు ఇదే. రెండు మొత్తాలనూ చూపటం ఉత్తమం. ఎలాగూ భారీ, అతి భారీ అన్న మాటలు శాఖ నిర్వచనాలే: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. అర్ధరాత్రి లెక్కకు ఆ మాటలు తగిలించటం సబబు కాదు.

వాయుపీడనం విషయంలో ఇళ్ల కేంద్రాలు ఎక్కువగా నవ్వులపాలవుతాయి. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడి సెన్సారు నేరుగా చూపే పీడనం 950 హెక్టాపాస్కళ్ల (పీడనానికి కొలమానం) చుట్టుపక్కల ఉంటుంది. వార్తల్లో వినిపించే వెయ్యికి పైబడిన అంకె సముద్రమట్టానికి సవరించినది. ఎత్తును సరిగా రాయకపోతే సవరణ తప్పుతుంది. అపార్టుమెంటు పదో అంతస్తు నేల కన్నా 30 మీటర్ల ఎత్తున ఉంటే, అది ఒక్కటే మూడు హెక్టాపాస్కళ్లకు పైగా తేడా తెస్తుంది. మార్కెట్లో దొరికే రెడీమేడ్ కేంద్రాల తెర మీద కనిపించే సూర్యుడు, మబ్బు, చినుకుల బొమ్మలు ఇంకో తమాషా. అవి పీడనం పడితే వాన, లేస్తే ఎండ అనే యూరపు సూత్రంతో పనిచేస్తాయి. అక్కడ తుపాను వ్యవస్థలు దాటేటప్పుడు పీడనం పదుల హెక్టాపాస్కళ్ల మేర ఊగుతుంది. ఉష్ణమండలంలో కథ వేరు. ఇక్కడ పీడనం ప్రతిరోజూ ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువై, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. ఎండ వేడికి వాతావరణమంతా సముద్రపు పోటుపాట్లలా ఊగటం దీనికి కారణం. ఆ ఊపు మూడు నాలుగు హెక్టాపాస్కళ్లు. పాపం ఆ యంత్రం ప్రతి సాయంత్రమూ చినుకుల బొమ్మ వేయటంలో ఆశ్చర్యమేముంది? ఆ బొమ్మను వెబ్‌సైటులోకి ఎక్కించకపోవటమే మేలు. కానీ రోజుకు రెండుసార్లు లేచిపడే ఆ అలను మాత్రం గ్రాఫులో తప్పక వెతకాలి. అది స్పష్టంగా కనిపిస్తే సెన్సారు ఆరోగ్యంగా ఉన్నట్టే.

గాలి గురించి రెండు మాటలు చాలు. ప్రమాణం ప్రకారం పది మీటర్ల ఎత్తున, అడ్డంకులకు చాలా దూరంగా కొలవాల్సిన గాలివేగాన్ని ఇళ్ల మధ్య కొలవలేం. ఆ అంకె ఆ డాబాకే పరిమితమని పేజీలో రాసి ఊరుకోవాలి. గాలిదుమారం ఎప్పుడు లేచిందో తెలుసుకోవటానికి అది చాలు. సంక్రాంతి వారంలో మాత్రం గిన్నెల కడ్డీని దించి లోపల పెట్టటం నయం. తెగిన పతంగి వెంట వచ్చే మాంజా ఒకసారి చుట్టుకుంటే ఇరుసు అరిగిపోతుంది.

ఇక కెమెరా. ఇంటర్నెట్‌లో పేరుపొందిన తొలి కెమెరా కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఒక కాఫీ కుండ వైపు గురిపెట్టినది. కుండ ఖాళీగా ఉందో లేదో మెట్లు దిగకుండా చూసుకోవటానికి 1991లో దాన్ని అమర్చారు, 1993లో వెబ్‌కు కలిపారు, 2001లో ఆపేశారు. దాని పనికీ డాబా మీది కెమెరా పనికీ పెద్ద తేడా లేదు: అక్కడికి పోకుండా అక్కడి స్థితి తెలియటం. దిక్కు ఎంచుకోవటంలో మాత్రం ఆలోచన కావాలి. ఉత్తరం వైపు తిప్పితే ఎండ తగలదన్నది పుస్తకాల సలహా. 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న హైదరాబాదుకు అది పూర్తిగా వర్తించదు. ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం ఇక్కడ నిటారు వస్తువుకు నీడ పడదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, జూన్‌లో పడమరకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా జరిగి అస్తమిస్తాడు. అందువల్ల వెడల్పు లెన్సు వాడితే ఉత్తరం చూసే కెమెరాలో కూడా సాయంత్రపు వెలుతురు అంచున దూరుతుంది. ఏళ్ల తరబడి సూర్యుణ్ణి నేరుగా చూస్తే కెమెరాలోని సెన్సారు రంగులు వెలుస్తాయి. సాక్షిగా వాడదలచుకున్న కెమెరా దృశ్యంలో మూడు ఉండాలి: ఆకాశం సగానికి పైగా, దూరంలో కదలని ఒక గుర్తు, దగ్గరలో వాన పడితే తడి కనిపించే గోడ అంచు. దూరపు గుర్తు ఏదైనా ఒక గుట్టో గోపురమో అయితే, అది కనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి శీతాకాలపు పొద్దున ఇగం, పొగమంచు, దుమ్ము ఎంత దట్టంగా ఉన్నాయో అంచనా కట్టవచ్చు.

ఈ కెమెరా పక్కింటి డాబాను చూడకూడదు. వేసవిలో అక్కడ వడియాలు ఎండుతాయి, రాత్రి మనుషులు నిద్రపోతారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చిచెప్పింది. అయినా కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు, పొరుగువారితో మాట పడకుండా ఉండాలంటే ఇంగితం చాలు. ఇళ్లు కనిపించే భాగాన్ని నల్లగా కప్పాలి. ఆ కప్పటం సర్వరులో కాదు, బొమ్మ భద్రమయ్యే ముందే పరికరంలో జరగాలి. చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే పరారుణ దీపాలు రాత్రి ఆపేయాలి. అవి ఆకాశాన్ని వెలిగించవు, పురుగులను పిలుస్తాయి, వాటి వెంట సాలీడు వచ్చి కటకం మీద గూడు కడుతుంది.

బొమ్మల పరిమాణం మొదటి నెలలోనే గుర్తుకొచ్చే విషయం. నిమిషానికి ఒకటి చొప్పున రోజుకు 1,440 బొమ్మలు. ఒక్కోటి 150 కిలోబైట్లయితే రోజుకు 216 మెగాబైట్లు, నెలకు ఆరు గిగాబైట్లకు పైగా. సెకనుకు 24 చట్రాల వేగంతో కలిపితే సరిగ్గా ఒక్క నిమిషంలో రోజంతా గడిచిపోతుంది. ఆ వీడియోను ఉంచుకుని, వాన రోజుల అసలు బొమ్మలను భద్రపరచి, మిగిలినవి వారం తరవాత తుడిచేయటం మధ్యేమార్గం. అన్నిటినీ ఆపేదేమో మెమరీ కార్డు: నిమిషనిమిషానికీ రాస్తూ ఉంటే, అందులోనూ రాస్తుండగా కరెంటు పోతే, అది చెడుతుంది. బొమ్మలను ముందు ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో రాసి అక్కడి నుంచే పంపేయటం, డేటాను కొద్ది నిమిషాలకోసారి మాత్రమే కార్డులో రాయటం దాని ఆయుష్షు పెంచుతాయి. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా నిశ్చింత కాదు, అది అందుకునే క్షణంలో చిన్న కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవ్వవచ్చు. ఇంకో మెలిక గడియారం. పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో సొంత గడియారం లేదు, సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటాయి. గాలివాన రాత్రి కరెంటు వచ్చి ఇంటర్నెట్ రాకపోతే, ఆ రాత్రి వానంతా తప్పుడు సమయం కింద నమోదవుతుంది. డిఎస్3231 అనే చిన్న గడియారపు చిప్, ఒక గుండీ బ్యాటరీ ఈ గొడవను తీరుస్తాయి.

ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలా వాటికి సొంత బయటి చిరునామా ఉండదు, ఎందరో వినియోగదారులు ఒకదాన్ని పంచుకుంటారు. ఇది అడ్డంకి కాదు, వరమే. బయటివారు ఇంట్లోకి వచ్చి బొమ్మ తీసుకునే ఏర్పాటు ఎప్పుడూ ప్రమాదమే, ముఖ్యంగా కెమెరా పాస్‌వర్డు తయారీదారు పెట్టినదే మిగిలిపోయినప్పుడు. ఇంటి నుంచే బొమ్మను బయటి సర్వరుకు పంపి, సందర్శకులు దాన్ని అక్కడే చూసేలా చేయాలి. పంపేటప్పుడు తాత్కాలిక పేరుతో పంపి, పూర్తిగా చేరాక పేరు మార్చాలి. లేకపోతే సగమే చేరిన బొమ్మలో సగం ఆకాశం, సగం బూడిదరంగు చారలు కనిపిస్తాయి.

పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాల్సింది ఉష్ణోగ్రత కాదు, అది ఎప్పటిదన్న సమయం. కేంద్రం ఆగిపోయాక చివరి అంకె ఎప్పటికీ కనిపిస్తూ ఉండటమే ఈ సైట్లలో అన్నిటికన్నా పెద్ద మోసం. పావుగంట దాటిన అంకె మసకబారాలి, గంట దాటితే తొలగిపోయి ‘సమాచారం అందటం లేదు’ అని రావాలి. ±0.5 డిగ్రీల సెన్సారు పేరిట 34.27 అని రాయటం కూడా ఒక రకం అబద్ధమే, 34 అంటే చాలు.

సెన్సారు మార్చిన ప్రతిసారీ కొత్తదాన్ని పాతదాని పక్కన కనీసం ఒక నెల నడిపి, తేడాను రాసిపెట్టుకోవాలి. చోటు మారినా అంతే. అద్దె ఇళ్ల నగరంలో ఇది తరచూ వచ్చే సందర్భం: మల్కాజిగిరిలో మూడేళ్లు నడిచిన కేంద్రం ఇల్లు మారి మియాపూర్‌కు చేరితే, పాత పేరుతో, పాత గ్రాఫుకు కొనసాగింపుగా దాన్ని నడపకూడదు. మల్కాజిగిరి పేజీ మొదటి తేదీ, చివరి తేదీతో అలాగే ఉండిపోవాలి, మియాపూర్ పేజీ సున్నా నుంచి మొదలవ్వాలి. గొట్టం దించేముందు ఆ డాబా, ఆ గోడలు, పరికరం నిలిచిన చోటు నాలుగు దిక్కుల నుంచీ కనిపించేలా నాలుగు ఫోటోలు తీసి పాత పేజీలో చేర్చాలి.